రెండో దారి ఎటు పోయింది

1986 వేసవిలో నన్ను తిరుపతిలోని ఒక కంప్యూటర్ కేంద్రానికి సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. కేంద్రం పేరు చెప్పను. దాన్ని నడిపిన సొసైటీ ఇప్పుడు లేదు, అందులో పనిచేసిన వాళ్ళం మాత్రం ఇంకా కొందరం ఉన్నాం. జిల్లాలో అయిదారు ఊళ్ళలో సర్టిఫికెట్ కోర్సులు నడిపి, పరీక్షలు పెట్టడం ఆ సొసైటీ పని. మార్కులు కలిపి, ఫలితాల జాబితాలు అచ్చు వేసి ఇవ్వడం మా కేంద్రం పని. అంతకుముందు అదే పనిని గుమాస్తాలు చేత్తో నెలన్నర చేసేవారట. మేము వచ్చాక మూడు వారాల్లో అయిపోయేది. తప్పులు కూడా ఆ లెక్కన త్వరగానే వస్తున్నాయని మేమంటే గిట్టనివాళ్ళు అనేవారు.

బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జి మేడ మీద మాకు మూడు గదులు. కింద యాత్రికులు, పైన మేము. మెషిన్ ఉన్న గదికి ఏసీ ఉండేది. దుమ్ము పడకూడదని చెప్పులు బయట విడవాలని నియమం. వేరే ఊళ్ళలో ఈ నియమం కోసం బోర్డులు రాసిపెట్టి బతిమాలుకోవలసి వచ్చేదని శిక్షణలో తోటివాళ్ళు చెప్పగా విన్నాను. తిరుపతిలో ఆ కష్టం లేదు. మూసిన తలుపు, లోపలి నుంచి చల్లగాలి, గడప ముందు నాలుగు జతల చెప్పులు కనిపిస్తే చాలు, వచ్చినవాళ్ళు ఎవరూ చెప్పకుండానే విడిచేవారు. లాడ్జిలో దిగిన ఒక పెద్దావిడ ఒకసారి మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గర చేతులు జోడించి నిలబడి, ఇక్కడ దర్శనం ఎన్ని గంటలకని నన్నే అడిగింది.

మెషిన్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. ఎనిమిది టెర్మినళ్ళు, ఒక లైన్ ప్రింటరు. టెర్మినల్ అంటే తెర, కీబోర్డు, అంతే. బుర్ర మొత్తం మెషిన్‌లోనే ఉండేది. నాకు బెంగళూరులో ఆరు వారాల శిక్షణ ఇచ్చారు. ఆరు వారాల్లో యూనిక్స్ ఎంత వచ్చిందో గానీ, వచ్చేసిందన్న నమ్మకం మాత్రం పూర్తిగా వచ్చింది.

మా హోదాల వరుస చిన్నది. పైన డైరెక్టర్ గారు. లెక్కల లెక్చరరుగా రిటైరై వచ్చిన మనిషి, మర్యాదస్తుడు, ఇస్త్రీ మడత నలగని చొక్కా. ఆయన కింద నేను. నా కింద నలుగురు డేటా ఎంట్రీ ఆపరేటర్లు, అందరూ తాత్కాలికంగా వేసినవాళ్ళే. ఆఫీసర్లు కీబోర్డు ముట్టుకోకూడదని డైరెక్టర్ గారి పట్టుదల. టైపు కొట్టడం గుమాస్తా పని, ఆలోచించడం ఆఫీసరు పని అని ఆయన విభజన. అందువల్ల నేను కొట్టించదలచిన ప్రతి ఆజ్ఞనూ ఒక పని చీటీ మీద రాసి సంతకం చేసి ఇచ్చేవాణ్ణి. ఆపరేటరు దాన్ని చూసి కొట్టి, చీటీని ఫైలులో గుచ్చేది. ఎవరూ లేనప్పుడు నేనే కూర్చుని కొట్టుకునేవాణ్ణి. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినగానే లేచి నిలబడి ఆలోచించేవాణ్ణి.

ఆ నలుగురిలో ఎస్తేరు ఒకతె. పుత్తూరు నుంచి రోజూ పొద్దున రైల్లో వచ్చేది. ఊరి పేరు చెప్పగానే ప్రతివాళ్ళూ విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు సంగతి ఎత్తుతారని, మా ఇంట్లో ఎవరికీ కట్టు కట్టడం రాదండీ అని ముందే చెప్పేసి పనిలో పడేది. తక్కువ మాట్లాడేది, వేగంగా కొట్టేది. ఒక్కో మార్కుల షీటు అయ్యాక దాని మూల ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టేది.

ఇక్కడ కొంచెం పని గురించి చెప్పాలి. యూనిక్స్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాముకూ పుట్టుకతోనే మూడు దారులు ఉంటాయి. వాటికి నంబర్లే పేర్లు: సున్న, ఒకటి, రెండు. సున్న లోపలికి వచ్చే దారి. ఒకటి మీదుగా ఫలితం బయటికి వస్తుంది. రెండు కూడా బయటికి వచ్చేదే, కానీ దాని మీద ప్రోగ్రాము తన గోడు వెళ్ళబోసుకుంటుంది: ఫలానా ఫైలు దొరకలేదు, ఫలానాది తెరవడానికి నాకు అనుమతి లేదు, ఇటువంటివి. మనం ఏమీ చెప్పకపోతే ఒకటీ రెండూ కూడా తెర మీదికే వచ్చి కలిసిపోతాయి. అలా కాకుండా, చేయవలసిన ఆజ్ఞలన్నీ వరుసగా రాసిపెట్టుకునే షెల్ స్క్రిప్టులో, ఏ దారిని ఎటు మళ్ళించాలో మనం చెప్పవచ్చు. ఫలితాన్ని ఒక ఫైలులోకి పంపి, గోడును తెర మీదికి వదలవచ్చు. గోడును వేరే ఫైలులో దాచుకోవచ్చు. ఏదీ వద్దనుకుంటే డెవ్ నల్ అనే చోటికి పంపవచ్చు. డెవ్ నల్ అడుగు లేని బావి. అందులో పడ్డది ఇక ఎవరికీ దొరకదు.

మా డైరెక్టర్ గారికి ఈ రెండో దారి అంటే గిట్టేది కాదు. దానికి కారణం చుట్టాలు.

తిరుపతిలో ఉద్యోగం చేసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మన పైఅధికారి బావమరిది, ఆయన వియ్యంకుడు, ఆ వియ్యంకుడి పక్కింటివారు, అందరూ ఏడాదికోసారి దర్శనానికి వస్తారు. కొండ దిగాక రైలుకు ఇంకా మూడు గంటలు ఉంటుంది. ఆ మూడు గంటలు ఎక్కడ గడపాలి? మా దగ్గర కంప్యూటర్ ఉంది, పైగా ఏసీ ఉంది. డైరెక్టర్ గారు వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి మెషిన్ చూపించేవారు. ఊరికే చూసి పోతే ఏం బాగుంటుందని నేను ఒక ప్రోగ్రాము రాశాను. నక్షత్రపు గుర్తులు, చుక్కలు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడేలా కొట్టి, లైన్ ప్రింటరు మీద నాలుగు పేజీల గోపురం బొమ్మ వేసేది. అడుగున వచ్చినవారి పేరు. నాలుగు పేజీలూ అతికిస్తే నిలువెత్తు ఉండేది. నా ఉద్యోగ జీవితంలో అంత మంది మెచ్చుకున్న ప్రోగ్రాము ఇంకొకటి రాయలేదు. మళ్ళీ ఎవరైనా నకలు అడుగుతారేమోనని ఒక్కొక్కరి బొమ్మనూ ఫైలుగా దాచేవాణ్ణి. ఎక్కడ దాచేవాణ్ణో తర్వాత చెబుతాను.

ఒక రోజు ఇలా ఎవరో పెద్దలు ఉండగా పక్క టెర్మినల్ మీద ఏదో స్క్రిప్టు నడుస్తూ, ఫైలు దొరకలేదని తెర నిండా మొర పెట్టుకుంది. ఏమిటది అని ఆ పెద్దాయన అడిగాడు. డైరెక్టర్ గారి ముఖం ఎర్రబడింది. వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచి, "ఇట్లాంటివి తెర మీద పడకూడదు. వచ్చినోళ్ళు సూస్తే ఏమనుకుంటారు? మన మెషిన్ ఏడుస్తా ఉండాదనుకోరా?" అన్నారు. నేను ఆ వారంలోనే ఫలితాల స్క్రిప్టులో ఉన్న ప్రతి ఆజ్ఞ చివరా రెండో దారిని డెవ్ నల్‌కు తిప్పాను. తెర పలక తుడిచినట్టు శుభ్రంగా ఉండేది. ఆజ్ఞ ఆయనదే గానీ, అది మూర్ఖత్వమని తెలిసే హోదాలో ఉన్నది నేను. ఒక్క మాట అడ్డం చెప్పలేదు. పైగా పని నీటుగా చేశానని సంతోషించాను.

మరుసటి ఏడు పరీక్షల ఫలితాలు ఒక గురువారం అచ్చుకు వెళ్ళాయి. మదనపల్లె వచ్చింది, శ్రీకాళహస్తి వచ్చింది, పుత్తూరు, పలమనేరు వచ్చాయి. చిత్తూరు కేంద్రం అని పెద్ద అక్షరాలతో శీర్షిక పడి, దాని కింద ఒక్క పేరూ లేకుండా పేజీ తెల్లగా బయటికి వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ మంది రాసింది చిత్తూరులోనే. ప్రింటరు రిబ్బను పోయిందేమో అనుకుని మళ్ళీ వేశాం. మళ్ళీ శీర్షిక, మళ్ళీ తెలుపు. అప్పుడు మార్కుల ఫైలు తీసి చూస్తే అందులో ఒక్క అక్షరం లేదు. ఫైలు ఉంది, కొలత సున్న.

టేపు మీద నకలు తీయడం శనివారం చేసే పని. ఇది గురువారం.

చిత్తూరు మార్కులను ఆ వారంలోనే కొట్టింది ఎస్తేరు. డైరెక్టర్ గారు ఆమెను పిలిచారు. అన్నీ కొట్టాననీ, ప్రతి షీటుకూ టిక్కు ఉందనీ ఆమె చెప్పింది. టిక్కు పెట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు కదమ్మా అన్నారాయన. కోపంగా కాదు, మెల్లగా. అదే ఎక్కువ గుచ్చుకునే పద్ధతి. తర్వాత నా వైపు తిరిగి, మెషిన్ వల్ల ఏమన్నా పొరపాటు జరిగే వీలుందా అని అడిగారు. నేను అన్న మాట నాకు బాగా గుర్తుంది: "మెషిన్ దానంతట అది ఏదీ చెరపదు సార్." మాట నిజమే. స్క్రిప్టు చెబితే చెరుపుతుంది, ఆ స్క్రిప్టు నాది అన్న సంగతి నా నోట రాలేదు, నా తలలోకీ రాలేదు.

అప్పటికి నలుగురు ఆపరేటర్లలో ఇద్దరిని పర్మనెంటు చేయాలని సొసైటీ నిర్ణయించి ఉంది. ఆ జాబితా నెలాఖరుకు వెళ్ళాలి. అందులో మొదటి పేరు ఎస్తేరుది. ఈ గొడవతో ఆ పేరు మీద డైరెక్టర్ గారు పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టారు. పర్మనెంటు సంగతి అటుంచి, పని చేయకుండానే చేశానని చెప్పిన మనిషిని తాత్కాలికంగానైనా ఉంచుకోవచ్చా అన్నది ఇప్పుడు ప్రశ్న.

విచారణకు ముగ్గురితో కమిటీ వేశారు. డైరెక్టర్ గారు, పరీక్షల నియంత్రణాధికారి రెడ్డెప్ప గారు, చిత్తూరు కేంద్రం సూపరింటెండెంటు మునిరత్నం గారు. రెడ్డెప్ప గారు పొట్టిగా, లావుగా, ఎప్పుడూ తాంబూలంతో ఉండేవారు. ఏసీ గదికి వచ్చినప్పుడు మాత్రం బయట ఉమ్మేసి, నోరు పుక్కిలించి, అప్పుడు చెప్పులు విడిచేవారు. అంత నిష్ఠ కొండ మీద కూడా చూపించేవారో లేదో తెలియదు.

కమిటీ ఇలా తీర్మానించింది. మునిరత్నం గారు పక్కన కూర్చుని చూస్తుండగా ఎస్తేరు చిత్తూరు మార్కులన్నీ మళ్ళీ కొట్టాలి. అయిన వెంటనే కమిటీ ముందే ఫలితాల స్క్రిప్టు నడపాలి. ఈసారి జాబితా సరిగ్గా వస్తే, పోయినసారి ఆమె మార్కులు కొట్టలేదని తేలినట్టు.

తీర్మానం చదివి వినిపించాక ఎస్తేరు లేచి నిలబడి అడిగింది. "సరిగ్గా వస్తే నేను ముందు కొట్టలేదంటారు. రాకపోతే ఇప్పుడు కూడా సరిగ్గా కొట్టలేదంటారు. ఇంక నేను తప్పించుకునేది యాడ సార్?"

రెడ్డెప్ప గారు, "ఆ పిల్ల సెప్పేది కూడా నిజమే కదప్పా" అన్నారు. కానీ తీర్మానం మీద అప్పటికే ముగ్గురి సంతకాలూ అయిపోయాయి. సంతకమైన తీర్మానాన్ని తిరగరాయడం కంటే ఒక మనిషి చేత మార్కులు తిరగకొట్టించడం సులువని ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు తెలుసు.

ఆమె రెండు రోజులు కొట్టింది. మునిరత్నం గారు మొదటి రోజు ప్రతి అంకె చదివి సరిచూశారు. రెండో రోజు మధ్యాహ్నం భోజనం తర్వాత కళ్ళు మూసుకుని సరిచూశారు. ఆమె వేగం తగ్గలేదు. ఒక్కొక్క షీటుకూ మళ్ళీ టిక్కు పెట్టింది, ఈసారి నీలి పెన్సిలుతో, పాత ఎర్ర టిక్కు పక్కనే.

మూడో రోజు పొద్దున కమిటీకి చూపించడానికి స్క్రిప్టు ఒక ప్రతి అచ్చు తీసుకుని, నా బల్ల దగ్గర కూర్చుని చదివాను. అంతకుముందు ఏడాదిగా దాన్ని నడిపిస్తూ ఉన్నానే గానీ మొదటి నుంచి చివరిదాకా చదవలేదు. ఒక్కో కేంద్రానికి స్క్రిప్టు చేసే పని ఇది: మార్కుల ఫైలును హాల్ టికెట్టు నంబర్ల వరుసలో పేర్చి కొత్త ఫైలులో పెట్టడం, ఆ కొత్త ఫైలును పాతదాని పేరుతో పాతదాని స్థానంలో ఉంచడం. పేర్చడం మధ్యలో విఫలమైతే కొత్త ఫైలు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ ఫైలే వెళ్ళి నిండు ఫైలు స్థానంలో కూర్చుంటుంది. మార్కులు గల్లంతు. పేర్చడం విఫలమైందా లేదా అని నా స్క్రిప్టు ఎక్కడా అడగలేదు. విఫలమైతే ఆ ప్రోగ్రామే రెండో దారిలో చెబుతుంది కదా అని శిక్షణ నాటి ధీమా. అదే వరుస చివర, నా చేత్తోనే, రెండో దారి డెవ్ నల్‌కు తిప్పి ఉంది.

నాకు చెమటలు పోశాయి. ఏసీ గదిలోనే కూర్చుని ఉన్నాను.

ఆ నిమిషంలో లేచి వెళ్ళి డైరెక్టర్ గారికి చెప్పవలసింది. చెప్పలేదు. అందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను. నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, ఇది అనుమానం మాత్రమే, రుజువు లేదు, ముందు తప్పేమిటో నేను చూసుకుని తర్వాత చెప్పవలసింది చెప్పవచ్చు అని. అందుకని రెండు పనులు చేశాను. స్క్రిప్టులో డెవ్ నల్ అన్న చోటల్లా తీసేశాను. తర్వాత పని చీటీ రాశాను. మొదటి వరుసలో మార్కుల ఫైలుకు నకలు తీయమని. అంతవరకు బుద్ధి వచ్చింది. రెండో వరుసలో స్క్రిప్టు నడిపే ఆజ్ఞ, దాని చివర ఇలా:

> లాగ్ 2>&1

మొదటి ముక్కకు అర్థం, ఒకటో దారిని లాగ్ అనే ఫైలులోకి మళ్ళించు అని. రెండో ముక్కకు, ఒకటో దారి ఇప్పుడు ఎక్కడికి పోతోందో రెండో దారిని కూడా అక్కడికే పంపు అని. అంటే రెండూ లాగ్ ఫైలులోకే పోతాయి. తెర మీద ఏమీ పడదు. కమిటీ శుభ్రమైన తెర చూసి కాఫీకి వెళుతుంది. నేను ఆ ఫైలు ఒంటరిగా చదువుకుంటాను. చదివాక ఎస్తేరు సంగతి ఏం చేసేవాణ్ణి? చెప్పేవాణ్ణనే అనుకోవాలని ఉంది. ఒట్టు వేసి మాత్రం చెప్పలేను.

పదకొండు గంటలకు ముగ్గురూ వచ్చి చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. ఎస్తేరు టెర్మినల్ ముందు కూర్చుంది. వెనుక వాళ్ళు ముగ్గురు, వాళ్ళ వెనుక నేను. చీటీ ఇచ్చాను. ఆమె దాన్ని చూసింది. మామూలు కంటే కాస్త ఎక్కువసేపే చూసిందని తర్వాత తోచింది. నకలు తీసింది. రెండో వరుస కొట్టి, ఎంటర్ నొక్కింది.

ఓ నిమిషం ఏమీ లేదు. తర్వాత తెర మీద ఒక వాక్యం పడింది. నేను ముందుకు వంగేలోపు రెడ్డెప్ప గారు కళ్ళజోడు సవరించుకుని గట్టిగా చదివారు.

"సార్ట్, రైట్ ఎర్రర్, నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్. ఏమప్పా ఇది? సోటు లేదంటాండాది. యాడ లేదు సోటు? ఈ అమ్మి మార్కులు కొట్టింది కదా, మనమంతా సూస్తానే ఉంటిమి కదా?"

నేను తెర వైపే చూస్తున్నాను. నేను ఫైలులోకి పంపిన గోడు తెర మీదికి ఎలా వచ్చింది? ఆమె కొట్టిన వరుస ఇంకా పైన కనిపిస్తూనే ఉంది. దాని చివర ఇలా ఉంది:

2>&1 > లాగ్

ముక్కలు అవే. వరుస తిరగబడింది. మనం కొట్టిన ఆజ్ఞలను చదివే షెల్ ఈ ముక్కలను ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటిగా అమలు చేస్తుంది. ఆఫీసు భాషలో చెబితే, ఫిర్యాదు ఉత్తరాలను మామూలు ఉత్తరాలు ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయో అక్కడికి పంపమని బంట్రోతుకు ముందు చెప్పి, ఆ తర్వాత మామూలు ఉత్తరాల చిరునామా మార్చినట్టు. మామూలు ఉత్తరాలు కొత్త చిరునామాకు పోతాయి. ఫిర్యాదులు పాత చిరునామాకే పోతుంటాయి. ఇక్కడ పాత చిరునామా తెర. ఒకటో దారి లాగ్‌లోకి వెళ్ళింది. రెండో దారి తెర మీదే నిలబడిపోయింది, ముగ్గురు పెద్దమనుషుల ముందు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. డిస్కులో ఖాళీ ఎంత ఉందో చూపమని నేనే చెప్పాను, ఈసారి చీటీ లేకుండా. ఎస్తేరు రెండక్షరాల ఆజ్ఞ కొట్టింది. తాత్కాలిక ఫైళ్ళ కోసం ఉంచిన భాగం నూటికి నూరు పాళ్ళు నిండి ఉంది. పేర్చవలసిన ఫైలు చిన్నదైతే ఆ ప్రోగ్రాము మెమొరీలోనే పని ముగించుకుంటుంది. పెద్దదైతే ముక్కలు ముక్కలుగా పేర్చి, ఆ ముక్కలను పెట్టుకోవడానికి ఈ భాగంలో చోటు అడుగుతుంది. అందుకే చిన్న కేంద్రాలన్నీ వచ్చాయి, చిత్తూరు రాలేదు. ఇదంతా నిలబడి వాళ్ళకు వివరించాను. ఈ వాక్యం మెషిన్ పక్కనే, దాని మాటలను కాగితం మీద అచ్చు వేసే కన్సోల్ మీద కూడా పడవలసింది. దాని కాగితం అయిపోయి వారమైంది, కొత్తది తెప్పించవలసింది నేనే. అది వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

"మరి ఆ సోటంతా యేమి మింగేసింది?" అన్నారు రెడ్డెప్ప గారు.

ఎస్తేరు ఆ భాగంలో ఉన్న ఫైళ్ళ జాబితా తీసింది. తెర మీద పేర్లు వరుసగా దిగాయి. అన్నీ గోపురాలు. దర్శనానికి వచ్చి, మా ఏసీలో చల్లబడి, బొమ్మ పట్టుకుని రైలెక్కిన ప్రతి చుట్టానికీ ఒక ఫైలు. నేను దాచుకున్న చోటు అదే. అక్కడైతే ఖాళీ ఎక్కువ ఉందని పెట్టాను. డైరెక్టర్ గారి వియ్యంకుడి పేరు రెండుసార్లు కనిపించింది. రెండోసారి ఇంటిపేరులో తప్పు సరిచేసి వేయించుకున్నారు. రెడ్డెప్ప గారు వేలితో ఒక్కో పేరూ చూసుకుంటూ వచ్చి, ఒక చోట ఆగారు.

"ఇది మా బావమరిది కదప్పా" అన్నారు మెల్లగా. "వాళ్ళ హాల్లో పటం కట్టించి పెట్టుకోనుండాడు."

ఆ తర్వాత ఆయన స్వరంలో విచారణ తగ్గింది. డైరెక్టర్ గారు ఏసీ వైపు చూస్తున్నారు. మునిరత్నం గారి చుట్టాలెవరూ జాబితాలో లేరు. ఆయన ఒక్కరే కాస్త నిష్ఠూరంగా కనిపించారు.

గోపురాలన్నీ చెరిపి, నకలు నుంచి మార్కుల ఫైలు తెచ్చి, స్క్రిప్టు మళ్ళీ నడిపితే చిత్తూరు జాబితా మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా వచ్చింది. కమిటీ అక్కడే కూర్చుని నివేదిక రాసింది. ఎస్తేరు మొదటిసారి కూడా మార్కులన్నీ కొట్టిందనీ, ఆమె వల్ల ఏ లోపమూ లేదనీ రాశారు. తాత్కాలిక భాగంలో అనవసరమైన ఫైళ్ళు పెట్టినందుకు నాకు ఒక మెమో. అది న్యాయమే. కానీ ఆ కిందే రెడ్డెప్ప గారు ఇంకో వాక్యం చేర్పించారు. సిస్టమ్స్ ఆఫీసరు మెషిన్ లోపాన్ని దాచకుండా కమిటీ ముందు తెర మీదే చూపించినందుకు అభినందనీయుడు అని. చేర్పిస్తూ నా భుజం తట్టి, "తప్పు సేసినోడు దాసుకోకుండా సూపించినాడు సూడు, అట్ల ఉండాల" అన్నారు. నేను తల వంచుకున్నాను. వినయమనుకున్నారు.

మరునాడు ఎస్తేరును నా బల్ల దగ్గరికి పిలిచాను. ఆమె మీద నాకు కోపం లేదు. కానీ ఆఫీసరుతనం పోలేదు. పొరపాటున మంచే జరిగినా, చీటీలో ఉన్నది ఉన్నట్టు కొట్టడం అలవాటు చేసుకోవాలనీ, ఆ రెండు ముక్కలూ అటూ ఇటూ అయితే అర్థమే మారిపోతుందనీ మొదలుపెట్టాను. కాగితం మీద బాణాలు గీసి చూపించసాగాను. ఆమె సగం దాకా విని ఆపింది.

"ఏడాదిగా మీరు రాసిచ్చే లైన్లు నేనే కదా సార్ కొడతా ఉండేది. యేది యాడికి పోతాదో నాకు తెలీదా? మీరు రాసినట్టే కొట్టుంటే ఆ మాట మీ ఫైలులోకి పోయుండును. నా గతి యేమయ్యుండును?"

పెన్సిలు ఇంకా బాణం మీదే ఉంది.

ఆమె ఇంకొక్క మాట చెప్పింది. చీటీని నియమం ప్రకారం ఫైలులో గుచ్చాననీ, ఎవరైనా దాన్నీ తెర మీది వరుసనూ పోల్చి చూస్తే తప్పు తనదే అవుతుందనీ, ఆ సంగతి తనకు కొట్టేటప్పుడే తెలుసుననీ. చెప్పి, వెళ్ళి తన టెర్మినల్ ముందు కూర్చుని ఆ రోజు షీట్లు మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం నేను ఫైలు తీశాను. చీటీలో నా వరుస మీద గీత గీసి, పైన ఆమె కొట్టిన వరుస రాసి, దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఇది నిబంధనలకు విరుద్ధం. పెన్షన్ తీసుకుంటున్న మనిషిని కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. అభినందన వాక్యాన్ని తీసేయమని కమిటీకి రాయలేదు. అది నా సర్వీసు రిజిస్టరులో చివరిదాకా ఉంది. నెలాఖరున వెళ్ళిన జాబితాలో ఎస్తేరు పేరు మీది ప్రశ్నార్థకం చెరిపేసి ఉంది, పేరు మొదటి స్థానంలోనే ఉంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉన్నాను. నా కింద పనిచేసినవాళ్ళ స్క్రిప్టుల్లో రెండో దారి డెవ్ నల్‌కు తిరిగి కనిపిస్తే, అది ఎవరి కోసం, ఎందుకు అని పక్కన పేరుతో సహా రాయించేవాణ్ణి. చాలామంది రాయడం కంటే తీసేయడం సులువని తీసేసేవారు. పని అయిందో కాలేదో అడగకుండా పాత ఫైలును చెరిపే వరుస మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. ఒకరు రాసి ఇంకొకరు కొట్టే చోట, కొట్టే మనిషికి కూడా చదవడం వచ్చునని లెక్కలో పెట్టుకుని, ప్రతి చీటీ మీదా సంతకం చేశాను.